మూడు పళ్ళ దువ్వెన

ప్రత్తిపాడు బస్సెక్కి
గుంటూరు మిర్చి యార్డు దాటేదాకా తుమ్ముతూనే ఉన్నాను.
సంచీలో పాత కాలెండరు కాగితాలు, రెండు బొగ్గుముక్కలు,
దుమ్ము దులిపే బ్రష్షు, పెరుగన్నం.
ముప్పై మూడేళ్ళు తపాలా ఆఫీసులో
మనుషుల చిరునామాలు సరిచూసినదాన్ని,
ఇప్పుడు రాళ్ళ చిరునామాలు రాసుకుంటున్నాను.

గరికెలపాడులో చర్చి అనరు, గుడి అనే అంటారు.
మిరప కళ్ళాల మధ్య తెల్లగా, కాస్త పడమటికి ఒరిగి,
నీళ్ళ కోసం ఆగిన ఎద్దులా ఉంది.
చుట్టూ నల్లరేగడి. ఎండలకి నెర్రె విచ్చి
పునాదిని ఒక పక్క మింగుతుందట,
వానలకి మళ్ళీ కక్కుతుందట.
"దొరకి మన నేల సంగతి తెలీదమ్మా,
ఇంగ్లండులో వాళ్ళ పల్లె గుడి బొమ్మ చూసి కట్టించాడు,"
తాళం తీస్తూ అన్నాడు సంసోను.
కప్పు అంత ఏటవాలు ఎందుకంటే
మంచుగడ్డలు జారిపోవడానికట.
నూరేళ్ళు దాటింది,
గుంటూరు జిల్లాలో మంచు కురుస్తుందని
ఆ కప్పు ఇంకా ఎదురు చూస్తోంది.

లోపల నేల పలకల్లో ఒకదాని మీద
ఆరకముందే నడిచిపోయిన మేకపిల్ల గిట్టలు, నాలుగు.
అయిదో అడుగు ఎక్కడ వేసిందో.
గంట మీద ఏదో సీమ ఊరి పేరు.
నాలుక విరిగితే ప్రత్తిపాడు కమ్మరి
రోకలి పొన్ను కరిగించి కొత్తది బిగించాడట.
"అప్పట్నించీ దాని యాస మారిందమ్మా,
ఇప్పుడు మనలాగే పలుకుద్ది."

వెనక తుమ్మచెట్టు కింద
చేటంత రాయి.
కాగితం పరిచి బొగ్గు తీశాను.
"ఎందుకూ, నేను చెప్తాగా" అని
కూలబడి, కళ్ళు మూసుకుని, వేలితో తడిమాడు.
ఇంగ్లీషు కాదు, అతనికి ఏ చదువూ రాదు.

"ఇది మూడు పళ్ళ దువ్వెన.
ఇది సగానికి కోసిన జొన్నరొట్టె.
ఇది గుంజ.
ఇది ఒంటికాలి బల్ల.
ఇది ఒకటే మెట్టున్న నిచ్చెన.
మా నాన్న నా వేలు పట్టి చూపించాడు,
ఆయనకి వాళ్ళ నాన్న.
అన్నీ కలిపితే ఈదమ్మ."

దొరగారి బిడ్డ. పదకొండు నెలలు. విషజ్వరం.
ఆ ఏడాది మొదలు
పిల్లలు దక్కని ఇంట్లో ఆడపిల్ల పుడితే ఈదమ్మే.
ఆ పేరు వింటే చావు
ఇక్కడ పనైపోయిందనుకుని వెళ్ళిపోతుందని.
పల్లెలో ముగ్గురున్నారు, ఊళ్ళో ఒకరు,
గుడి మెట్టెక్కని పెద్దింట్లో కూడా
గోడ మీద దండేసిన ఫోటోలో ఒకరు.

పెరుగన్నం ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

మా అమ్మమ్మ ఈదమ్మ.
ఈదురుగాలికి పూరికప్పు లేచిపోయిన రాత్రి
పుట్టింది కాబట్టి ఆ పేరు. మా ఇంట్లో అందరికీ తెలుసు.
ఆ గాలి మాకు ఆస్తి లాంటిది.
ఏ తాడిచెట్టు విరిగిందో, ఎవరి గేదె చచ్చిందో,
మంత్రసాని గుమ్మం పట్టుకుని ఎలా వేళ్ళాడిందో,
అమ్మ ఎన్నిసార్లు చెప్పినా
ఒక్క పుల్ల కూడా అటూ ఇటూ అయ్యేది కాదు.
అమ్మమ్మ పుట్టిల్లు ఏదో పాడు అనేవాళ్ళు.
జిల్లాలో సగం ఊళ్ళు పాడులే.

సంసోనుకి ఏమీ చెప్పలేదు.
బొగ్గు రుద్దాను.
దువ్వెన వచ్చింది, రొట్టె వచ్చింది,
గుంజ, బల్ల.
నిచ్చెన రాలేదు.
రాయి అరిగిందో, నా చెయ్యే సరిగా నొక్కలేదో.

కాగితం ఎగరబోతే
తాళాల గుత్తి తెచ్చి దాని మీద పెట్టాడు.
నోటుబుక్కు తీసి, పేరు అన్న గడిలో
ఈదమ్మ అని రాశాను.
ఎక్కడినుంచి అన్న గడి దగ్గర
పెన్ను ఆపి,
ఆఖరి బస్సు ఎంతకని అడిగాను.

"వస్తే ఆరింటికమ్మా."